భీమిలిని నింపాదిగా చూడటానికి ఒక దారి

విశాఖపట్నం వచ్చినవారిలో చాలామంది భీమునిపట్నాన్ని, అంటే భీమిలిని, ఒక పూటలో చుట్టి రాదగిన చోటుగానే లెక్కిస్తారు. పొద్దెక్కాక కారులో బయలుదేరి, రుషికొండలో ఒక గంట, తొట్లకొండ మీద ఒక అరగంట గడిపి, మండుటెండలో ఎర్రమట్టి దిబ్బల అంచున నాలుగు ఫొటోలు తీసుకొని, భీమిలి చేరేసరికి అలసిపోయి, ఒక కొబ్బరిబొండం తాగి వెనక్కి తిరుగుతారు. ఈ క్రమం పూర్తిగా తలకిందులైనదని నా అభిప్రాయం. ముందురోజు సాయంత్రానికే భీమిలి చేరుకొని, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట మొదలుపెట్టి, ఎండ వాలే వేళకు దక్షిణంగా దిబ్బల వైపు జరగాలి. అలా వెళ్తే పడవలు ఒడ్డుకు చేరే సమయమూ, మట్టి రంగులు తేరుకునే వెలుతురూ రెండూ దొరుకుతాయి. ఈ వ్యాసం ఆ క్రమంలోనే సాగుతుంది.

ఎప్పుడు వెళ్ళాలి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు అన్నివిధాలా అనుకూలమైన కాలం. అప్పుడు ఎండ భరించదగినదిగా ఉంటుంది, గాలిలో ఉక్క తగ్గుతుంది, దిబ్బల్లో నేల పొడిగా, గట్టిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం కనుక ప్రయాణానికి ముందు వాతావరణ శాఖ హెచ్చరికలను తప్పక చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్నే తాకింది. ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట నడవటం కష్టమే కాని, తాటిముంజల కోసం ఆ కష్టాన్ని ఓర్చుకునేవారూ ఉన్నారు. అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో మరపడవల చేపల వేటపై నిషేధం ఉంటుంది కనుక, ఆ 61 రోజుల్లో వెళ్ళేవారికి తీరంలో సందడి తక్కువగానే కనిపిస్తుంది. వానాకాలంలో కొండలు పచ్చబడి చూడముచ్చటగా ఉంటాయి. కాని ఎర్రమట్టి దిబ్బల్లోకి ఆ రోజుల్లో దిగకూడదు. కారణం ఆ దిబ్బల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

హైదరాబాదు నుంచి వచ్చేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ హైదరాబాదు కంటే సుమారు 20 నిమిషాల ముందే సూర్యుడు ఉదయిస్తాడు, అంతే ముందుగా అస్తమిస్తాడు. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే పొద్దుగూకుతుంది. ఆరున్నర వరకు వెలుతురు ఉంటుందనే అంచనాతో దిబ్బల లోపలికి వెళ్ళినవారు చీకట్లో దారి వెతుక్కోవలసి వస్తుంది.

చేరుకోవటం, బస

హైదరాబాదు నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం బయలుదేరితే మరునాటి ఉదయానికి విశాఖపట్నంలో దిగవచ్చు. విశాఖ నుంచి భీమిలికి రెండు దారులున్నాయి. ఒకటి సముద్రాన్ని ఆనుకొని రుషికొండ, మంగమారిపేట మీదుగా వెళ్ళే బీచ్ రోడ్డు. రెండవది జాతీయ రహదారిపై మధురవాడ, ఆనందపురం, తగరపువలస మీదుగా వెళ్ళేది. మొదటిదే ఎంచుకోండి. రామకృష్ణా బీచ్ నుంచి ఆ దారిలో దూరం పాతిక కిలోమీటర్లకు కొద్దిగా ఎక్కువే అయినా, ఎడమవైపు తూర్పుకనుమల చివరి కొండలూ కుడివైపు బంగాళాఖాతమూ పక్కపక్కనే సాగే రోడ్డు మన రాష్ట్రంలో అరుదు. ఆర్టీసీ సిటీ బస్సుల్లో 900కె రైల్వే స్టేషన్ వైపు నుంచి ఈ దారిలోనే వెళ్తుంది. ఇతర నంబర్ల బస్సు ఎక్కేముందు బీచ్ రోడ్డు మీదుగా వెళ్తుందా అని కండక్టరును అడగటం మంచిది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చేవారు విశాఖ దాకా పోనక్కరలేదు, తగరపువలస దగ్గర దిగి ఆటోలో భీమిలి చేరవచ్చు.

భీమిలి పట్టణంలో బస చేయదగిన చోట్లు తక్కువ, రుషికొండ వైపు ఎక్కువ. అయినా ఒక్క రాత్రి భీమిలిలోనే గది ముందుగా మాట్లాడుకోమని సలహా ఇస్తాను. తెల్లవారుజామున తీరానికి నడిచి వెళ్ళగలగటం ఈ ప్రయాణానికి ఆయువుపట్టు. ఏ కారణం చేతనైనా అక్కడ గది కుదరకపోతే రుషికొండలో ఉండి, వేకువజామునే వాహనం సిద్ధం చేసుకోవాలి.

గోస్తనీ మొగ దగ్గర తెల్లవారుజాము

నది సముద్రంలో కలిసే చోటును మత్స్యకారులు మొగ అంటారు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో నిలిచి, సుమారు 120 కిలోమీటర్లు ప్రయాణించిన గోస్తని భీమిలి పక్కనే కడలిలో కలుస్తుంది. ఇసుక మేటలు ప్రతి ఋతువులోనూ జరుగుతుంటాయి కనుక మొగ ఆకారం ఒక ఏడాది చూసినట్టు మరో ఏడాది ఉండదు. వేసవిలో నీరు సన్నబడి ఇసుక తిన్నె అడ్డుపడినట్టు కనిపిస్తుంది. వానల తరువాత మొగ వెడల్పై ఎర్రటి నీరు సముద్రంలోకి చాలా దూరం చారలా సాగుతుంది.

సూర్యోదయానికి అరగంట ముందే అక్కడ ఉండండి. రాత్రి వేటకు వెళ్ళిన పడవలు ఆ వేళకు ఒక్కొక్కటిగా ఒడ్డు చేరతాయి. కానాగంతలు, కవ్వళ్ళు, నెత్తళ్ళు, వంజరం, అదృష్టం బాగుంటే చందువలు గంపల్లోకి వస్తాయి. ఒడ్డునే వేలంపాట జరుగుతుంది. బేరమంతా ఆడవాళ్ళ చేతిలో ఉంటుంది, వేగంగా ముగుస్తుంది. కొన్ని రోజుల్లో అలివి వల లాగటం కూడా చూడవచ్చు: సముద్రంలో అర్ధచంద్రాకారంగా వల విడిచి, రెండు చివరల తాళ్ళను రెండు బృందాలు ఒడ్డు నుంచి అడుగులో అడుగు కలిపి లాగుతాయి. చూసేవారు తాళ్ళకు అడ్డంగా నిలబడకూడదు, ఎండబెట్టిన వలల మీద నడవకూడదు, మనుషుల ఫొటో తీసేముందు అడగాలి. ఇది వారి పనిచోటు. మనం అక్కడికి వెళ్ళిన అతిథులం మాత్రమే.

వెలుతురు వచ్చాక కాళ్ళ కింద ఇసుకను గమనించండి. లేత గోధుమరంగు ఇసుక మీద నల్లటి, అక్కడక్కడా కెంపు ఛాయ గల పొరలు అలలు గీసిన గీతల్లా కనిపిస్తాయి. తూర్పుకనుమల ఖొండలైట్ రాళ్ళు అరిగి, నదుల వెంట కొట్టుకువచ్చిన బరువైన ఖనిజాలు అవి. నల్లనివి ఎక్కువగా ఇల్మనైట్, ఎర్రనివి గార్నెట్. తేలిక ఇసుకను అల వెనక్కి లాక్కుపోతుంది, బరువైన రేణువులు ఒడ్డునే మిగులుతాయి. పిల్లలతో వెళ్ళేవారు చిన్న అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి తీసుకువెళ్తే నల్ల రేణువుల్లో కొన్ని దానికి అంటుకోవటం చూపించవచ్చు. చూశాక ఆ ఇసుకను అక్కడే వదిలేయాలి.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టటానికి రాత్రివేళల్లో వస్తాయి. ఆ నెలల్లో ఇసుక మీద టార్చిలైట్లు వేయటం, వాహనాలు నడపటం మానుకోవాలి. గూడు కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ శాఖ సిబ్బందికి తెలియజేయాలి.

సముద్రంలో దిగటం గురించి

ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా చెప్పదలిచాను. భీమిలి సముద్రం ప్రశాంతంగా కనిపిస్తుందని విని లోతుకు వెళ్ళకండి. మొగ దగ్గర నదీప్రవాహమూ పోటుపాట్లూ కలగలిసి అడుగున ఇసుక గుంటలు ఏర్పడతాయి, నిన్న మోకాలి లోతున్న చోట నేడు మనిషి లోతు ఉండవచ్చు. మొగకు దూరంగా ఉన్న తీరంలో కూడా ఒడ్డు నుంచి సముద్రంలోకి వేగంగా లాగే సన్నని ప్రవాహాలు ఉంటాయి. రెండు పక్కలా అలలు విరిగి నురగ కడుతుండగా మధ్యలో ఒకచోట మాత్రం నురగ లేకుండా, నీరు ముదురు రంగులో నున్నగా కనిపిస్తే, కొత్తవారు అక్కడే అలలు లేవని భ్రమపడి దిగుతారు. ప్రమాదం అక్కడే ఉంది. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదటం వల్ల శక్తి హరించుకుపోతుంది తప్ప ప్రయోజనం లేదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక వెనక్కి రావాలి. ఈత రానివారు కాళ్ళు తడుపుకోవటంతో తృప్తిపడటమే మంచిది. స్నానం చేయాలన్న కోరిక బలంగా ఉంటే శుభ్రతకు, భద్రతకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ తీరంలో, కాపలాదారులున్న హద్దుల లోపల మాత్రమే చేయండి. అత్యవసరంలో పిలవవలసిన నంబరు 112, అంబులెన్సుకు 108.

పట్టణంలో ఒక పూట

ఫలహారం ముగిశాక, ఎండ ముదరకముందే పావురాలకొండ ఎక్కాలి. పట్టణానికి పడమటగా ఉన్న ఈ కొండ మీద క్రీస్తుపూర్వపు శతాబ్దాల నాటి బౌద్ధ విహారపు శిథిలాలు, వాననీటిని నిల్వచేసుకోవటానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. నరసింహస్వామి ఆలయం కూడా ఈ కొండనే ఆశ్రయించుకొని ఉంది కనుక దీన్ని నరసింహస్వామి కొండ అని కూడా పిలుస్తారు. బకాసురుణ్ణి చంపిన భీముడు ఇక్కడ స్వామిని ప్రతిష్ఠించాడని, ఊరికి ఆయన పేరే వచ్చిందని స్థానికుల నమ్మకం. పైనుంచి చూస్తే గోస్తని వంపు, మొగ, పట్టణం, సముద్రం ఒకే చూపులో ఇముడుతాయి. ఉదయం మీరు నిలబడిన చోటును ఇక్కడి నుంచి గుర్తుపట్టటానికి కొంచెం సమయం కేటాయించండి. పైన తాగునీరు దొరుకుతుందని అనుకోకుండా సీసా వెంట ఉంచుకోవాలి.

కొండ దిగి వచ్చాక పాత భీమిలి వీధుల్లో నడవాలి. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. మన పూర్వులు వారిని వలందులు అనేవారు. మచిలీపట్నంలోని వలందపాలెం పేరులో ఆ మాట ఇప్పటికీ నిలిచి ఉంది. 1825లో ఈ స్థావరం ఆంగ్లేయుల చేతికి వచ్చింది, 1861లో ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. ఉత్తరాంధ్రలో పండే గోగునార ఈ రేవు నుంచే ఓడలెక్కి విదేశాలకు పోయేది కనుక, అంతర్జాతీయ విపణిలో దానికి బిమ్లి జనుము అనే పేరు స్థిరపడింది. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమయ్యాక భీమిలి రేవు ప్రాభవం క్షీణించింది. ఈ కథ తెలిసి చూసినవారికి తీరంలోని పాత గిడ్డంగుల గోడలు, దీపస్తంభం, 19వ శతాబ్దపు సెయింట్ పీటర్స్ చర్చి వట్టి కట్టడాలుగా కనిపించవు.

డచ్చివారి శ్మశానవాటికను మాత్రం తొందరపడి దాటవేయకండి. 17, 18 శతాబ్దాల సమాధి రాళ్ళ మీద వారి భాషలో చెక్కిన అక్షరాలు, వంశచిహ్నాలు ఉన్నాయి. ఉప్పుగాలికి కొన్ని అరిగిపోయాయి, కొన్ని ఇంకా స్పష్టంగా చదవవచ్చు. రాళ్ళ మీద కూర్చోవటం, అక్షరాలను సుద్దతో రుద్ది ఫొటో తీయటం వంటివి వాటిని మరింత పాడుచేస్తాయి. పక్కనుంచి వాలుగా పడే వెలుతురులో అక్షరాలు వాటంతట అవే తేలి కనిపిస్తాయి కనుక మిట్టమధ్యాహ్నానికి ముందే చేరుకోవటం మేలు.

భోజనానికి చేపల పులుసు, వేపుడు వండిపెట్టే చిన్న హోటళ్ళు ఉన్నాయి. ఆ ఉదయం ఏ చేప పడిందో అడిగి అదే చెప్పండి. తరువాత మూడింటి దాకా విశ్రాంతి తీసుకోవాలి. ఈ విశ్రాంతిని వదులుకున్నవారు దిబ్బల్లో అరగంటకే నీరసపడతారు.

ఎర్రమట్టి దిబ్బలు

భీమిలి నుంచి విశాఖ వైపు నాలుగైదు కిలోమీటర్లు వస్తే, రోడ్డుకు కొండల వైపున జీడిమామిడి తోటల మధ్య ఎర్రమట్టి దిబ్బలు మొదలవుతాయి. ఈ ప్రయాణానికి ఇదే హృదయం. దూరం నుంచి ఇవి మామూలు ఎర్రనేలలా కనిపిస్తాయి. లోపలికి దిగాక గాని వాటి అసలు స్వరూపం తెలియదు: మనిషి ఎత్తుకు మించిన ఎర్రని గోడలు, వాటి మధ్య చెట్టు కొమ్మల్లా చీలిపోయే సన్నని దారులు, కత్తి అంచుల వంటి శిఖరాలు, అక్కడక్కడా గోడను పట్టుకొని వేలాడే వేళ్ళు.

ఇవి ఎలా ఏర్పడ్డాయో తెలుసుకొని వెళ్ళటం అవసరం. సుమారు 20,000 ఏళ్ళ కిందటి మంచుయుగంలో భూమి మీది నీరు మంచుగా గడ్డకట్టి, సముద్రమట్టం నేటికంటే 100 మీటర్లకు పైగా పడిపోయింది. తీరం తూర్పుగా ఎంతో దూరం జరిగింది. బయటపడిన ఇసుకను గాలి ఎగరేసి ఒడ్డున మేటలు వేసింది, కొండల నుంచి వచ్చిన వాగులు తమ వంతు మట్టి చేర్చాయి. ఆ ఇసుకలోని ఇనుము గల ఖనిజాలు వేల ఏళ్ళపాటు వానకు, ఎండకు శిథిలమై, ప్రతి రేణువు చుట్టూ ఐరన్ ఆక్సైడ్ పూత ఏర్పడింది. మనం చూసే ఎరుపు ఆ పూతదే. ఉదయం మొగ దగ్గర చూసిన నల్ల రేణువులకూ, సాయంత్రం ఇక్కడ చూసే ఎర్రగోడలకూ పుట్టినిల్లు ఆ తూర్పుకనుమల రాళ్ళేనని గ్రహిస్తే, ఒక రోజులో చూసిన రెండు దృశ్యాలు ఒకటే కథగా కలుస్తాయి. ఆ తరువాత వాన నీరు ఈ వదులు మట్టిని కోసి నేటి దారులను తీర్చింది. ఇటువంటి ఎర్రని తీర మేటలు దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంకల్లో మాత్రమే మరి కనిపిస్తాయి. ఆదిమానవుల రాతి పనిముట్లు కూడా ఇక్కడ దొరికాయి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో దీనికి చోటు దక్కింది.

మూడున్నర, నాలుగు గంటల మధ్య లోపలికి దిగండి. వాలుగా పడే ఎండలో ఎరుపు, ఇటుక రంగు, పసుపు పొరలు విడివిడిగా తెలుస్తాయి; మధ్యాహ్నపు ఎండలో అన్నీ ఒకే మసక రంగులో కలిసిపోతాయి. వేసవిలోనైతే ఉదయం ఏడింటికే రావటం తప్ప మార్గం లేదు. లోపల నీడ, నీరు, దుకాణం ఏవీ ఉండవు కనుక మనిషికి లీటరు నీరు, టోపీ, మడమలు కప్పే బూట్లు ఉండాలి. దారులన్నీ ఒకేలా కనిపించి, ఒక చీలిక నుంచి మరో చీలికలోకి తెలియకుండానే వెళ్ళిపోతాం. ప్రతి మలుపులో ఒకసారి వెనుదిరిగి చూసి, తాటిచెట్టో జీడితోట అంచో గుర్తు పెట్టుకోవటం పాతకాలపు పద్ధతే అయినా నమ్మదగినది. ఒంటరిగా పోవద్దు. సూర్యాస్తమయానికి అరగంట ముందే బయటికి తిరుగుముఖం పట్టాలి.

నడవవలసింది వాగు పారిన అడుగు దారుల్లోనే, గోడల మీద కాదు. ఈ గోడలు రాయిగా మారిన ఇసుక కావు. పైపొర మాత్రమే గట్టిపడి, లోపల గుప్పిటతో రాల్చగలిగినంత వదులుగా ఉంటాయి. ఫొటో కోసం శిఖరం ఎక్కిన ఒక్క మనిషి అడుగు ఆ పైపొరను పగలగొడితే, తరువాతి వానకు అక్కడ కొత్త గాడి పడుతుంది. కొన్నేళ్ళకు ఆ శిఖరమే కూలిపోతుంది. వాన కురిసిన రోజుల్లో వెళ్ళవద్దన్నది కూడా ఇందుకే: తడిసిన గోడ ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు, తడి నేల మీద మన అడుగులు చేసే నష్టమూ రెట్టింపవుతుంది. గోడల మీద పేర్లు చెక్కటం, గుర్తుగా మట్టి మూటగట్టుకోవటం, బైకులు లోపలికి దించటం నేను చూశాను, చూసి బాధపడ్డాను. పక్కనే నౌకాదళ స్థావరం ఉంది కనుక ఆ వైపు కెమెరా తిప్పకూడదు, డ్రోను అసలు ఎగరేయకూడదు.

మంగమారిపేట, తొట్లకొండ

దిబ్బలు దాటి విశాఖ వైపు వస్తే మంగమారిపేట తీరంలో అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. దాని దగ్గరికి పాటు సమయంలోనే, అంటే సముద్రం వెనక్కి తీసిన వేళలోనే వెళ్ళగలం, పోటులో రాళ్ళు నీళ్ళ పాలవుతాయి. ఈ తీరంలో పోటు నుంచి పాటుకు ఆరు గంటలకు కొద్దిగా ఎక్కువ పడుతుంది, ఆ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి, పౌర్ణమి, అమావాస్య రోజుల్లో నీరు మరీ ఎక్కువగా పోటెత్తుతుంది, మరీ ఎక్కువగా తీస్తుంది. పాటు వేళ ఎప్పుడో ఒడ్డున ఏ మత్స్యకారుణ్ణి అడిగినా చెబుతారు. రాళ్ళ మీది నాచు జారుతుంది. తోరణం మీదికి ఎక్కకండి.

రుషికొండలో రాత్రి గడిపి, మరునాటి ఉదయం తొట్లకొండ ఎక్కండి. నౌకాదళం విమాన సర్వేలో బయటపడిన ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున మహాస్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులు, కొండకు పేరు తెచ్చిన రాతి తొట్లు వరుసగా కనిపిస్తాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోమను వెండి నాణేలు కూడా ఇక్కడ దొరికాయంటే, కింద కనిపించే సముద్రంపై ఎంత దూరపు ఓడలు తిరిగాయో ఊహించవచ్చు. సమయం తక్కువైతే పావురాలకొండ, తొట్లకొండ, దగ్గరలోనే ఉన్న మరో బౌద్ధ క్షేత్రమైన బావికొండ మూడింటిలో ఒకటే ఎంచుకోవటం మేలు. కట్టడాల అమరిక అర్థం కావాలంటే తొట్లకొండ, నది కనిపించాలంటే పావురాలకొండ.

మరొక రోజు చేతిలో ఉన్నవారు గోస్తనిని ఎగువకు వెతుక్కుంటూ పోవచ్చు. విశాఖపట్నంలో ఉదయం బయలుదేరే కిరండూల్ రైలు సొరంగాలు దాటుకుంటూ కొండలెక్కి బొర్రా గుహలు స్టేషన్‌లో దింపుతుంది. సెలవురోజుల్లో టికెట్లు త్వరగా అయిపోతాయి కనుక ముందే కొనుక్కోవాలి. గుహలో ఆవు పొదుగులా కనిపించే శిల నుంచే గోస్తని పుట్టిందని అక్కడివారు చెబుతారు, నదికి ఆ పేరు వచ్చింది కూడా అందుకేనంటారు. మొగ దగ్గర సముద్రంలో కలిసిపోతుండగా మీరు చూసిన నీరు బయలుదేరేది ఆ కొండల్లోనే.